కథ నిడివి, శ్రోత స్పందన: బస్తర్ మౌఖిక సంప్రదాయాలు

బస్తర్‌లో కథ ఊరికే చెప్పరు, ఊరికే వినరు. చెప్పినవారికి బియ్యమో, బట్టో, కనీసం ఒక ‘ఊ’నో ముట్టాలి. కథ కానుకగా వెళ్తుంది, దానికి బదులు కానుక వస్తుంది. ఇంటి ముందు కొద్దిసేపట్లో ముగిసే పాట మొదలుకొని పదకొండు రోజులు సాగే గాథ దాకా ఇక్కడ అన్ని నిడివుల కథనాలూ ఉన్నాయి. నిడివి మారితే వినేవారి బదులు కూడా మారుతుంది. బదులు ఎప్పుడు వస్తుంది, ఎందరి నుంచి వస్తుంది, ఏ రూపంలో వస్తుంది అన్న మూడు విషయాల్లోనూ ఆ తేడా కనిపిస్తుంది. ఈ సంబంధాన్ని వివరించి, పక్కనున్న తెలంగాణ సంప్రదాయాలతోనూ, ఈ కాలపు అభిమాన కథల కానుకలతోనూ పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంతం

ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణాన ఉన్న బస్తర్ ఒకప్పుడు ఒకే జిల్లా. విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. 1998లో అది మూడు జిల్లాలైంది. తర్వాతి విభజనలతో ఇప్పుడు బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. గోండి, భత్రి, ధుర్వా, దోర్లీ మాట్లాడేవారంతా సంతలో కలిస్తే హల్బీలో మాట్లాడుకుంటారు. దక్షిణపు అంచున బీజాపూర్, సుక్మా జిల్లాల్లో తెలుగు కూడా వినిపిస్తుంది. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. కాబట్టి ఇక్కడి కథన పద్ధతులు తెలుగు పాఠకుడికి మరీ కొత్తగా అనిపించవు.

పొట్టి పాటకు వెంటనే బదులు

పుష్య మాసం నాటికి వరి నూర్పిళ్లు అయిపోతాయి. గాదెలు నిండుగా ఉంటాయి. పౌర్ణమి దగ్గర పడగానే పిల్లలు జట్లు కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. మగపిల్లలు పాడేది ఛేర్తా, ఆడపిల్లలు పాడేది తారా. గుమ్మం ముందు నిలబడి నాలుగు చరణాలు పాడతారు, ఇంటివాళ్లు ధాన్యమో బియ్యమో పోస్తారు, జట్టు పక్కింటికి వెళ్తుంది. పోగైన బియ్యంతో చివరికి అందరూ కలిసి వండుకొని తింటారు. మన పల్లెల్లో ధనుర్మాసపు హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పడేదీ ఇదే రుతువులో, ఇదే కారణంతో. కొత్త పంట చేతికొచ్చిన ఇల్లు కాదనదు.

ఇక్కడ పాట ఎంత పొట్టిగా ఉంటే అన్ని ఎక్కువ ఇళ్లు తిరగవచ్చు. ఒక్కో ఇంటి నుంచి వచ్చేది దోసెడే అయినా ఇళ్ల సంఖ్య దాన్ని బస్తా చేస్తుంది. పాట బాగుందా లేదా అని ఎవరూ తర్కించరు. గింజలు పడ్డాయంటే మెచ్చినట్టే. ఇంటివాళ్లు ఆలస్యం చేస్తేనే పాట సాగుతుంది, ఎత్తిపొడుపు తోడవుతుంది. పొట్టి రూపంలో కూడా నిడివిని తేల్చేది వినేవాడి చెయ్యే.

మురియా గోండుల యువతీయువకుల నిలయమైన ఘోటుల్‌లోనూ ఇలాంటి యాత్రలున్నాయి. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన ‘ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ అనే పెద్ద గ్రంథంలో వీటి వర్ణన ఉంది. పూస్ కోలాంగ్ పేరుతో కుర్రవాళ్లు పొరుగూళ్లకు ఆడుతూ పాడుతూ వెళ్లి కానుకలు తెచ్చుకుంటారు. హుల్కీ పాటల్లో ఒక జట్టు ప్రశ్న వేస్తే ఇంకో జట్టు జవాబు పాడుతుంది. ఆ జవాబే ఆ ప్రశ్నకు మెప్పు. ఘోటుల్ రాత్రుల్లో పొడుపుకథలకూ చోటుంది. వాటికి మించిన పొట్టి కథనం లేదు, వాటికి బదులివ్వకుండా ఊరుకోవడమూ కుదరదు.

హుంకారు

ఇంట్లో చెప్పే కథకు గింజలు అక్కర్లేదు, హుంకారు కావాలి. ఛత్తీస్‌గఢ్ అంతటా వినేవాడు వాక్యం వాక్యానికీ ‘హూఁ’ అనడాన్ని హుంకారు అంటారు. మన అమ్మమ్మల దగ్గర పిల్లలు ఊ కొట్టడం లాంటిదే. అది మర్యాద కోసం చేసే చప్పుడు కాదు. చెప్పేవాడికి అదే కొలబద్ద. హుంకారు చురుగ్గా వస్తుంటే రాక్షసుడి కోట దగ్గర ఇంకో తలుపు పుట్టుకొస్తుంది, రాకుమారుడికి ఇంకో పరీక్ష ఎదురవుతుంది. అది మందగిస్తే ఏడుగురు అన్నదమ్ముల ప్రయాణాలు ఒక్క వాక్యంలో తేలిపోతాయి. ఆగిపోతే కథా ఆగిపోతుంది. పప్పు, అన్నం ఉడికాయి, నా కథ అయిపోయింది అన్న అర్థం వచ్చే మాటతో ఛత్తీస్‌గఢీ కథకుడు ముగిస్తే, మనం కథను కంచికి పంపిస్తాం.

పాండవుల కథ పాడే పండ్వానీలో ఈ హుంకారు ఒక ఉద్యోగమే అయింది. ప్రధాన గాయకుడి పక్కన రాగి అనే సహాయకుడు ఉంటాడు. అతడు ఔనంటాడు, ఆశ్చర్యపోతాడు, ‘తర్వాతేమైంది’ అని అడుగుతాడు. గంటల తరబడి సాగే కథలో సభ అలసిపోయినా బదులు ఆగకూడదని చేసుకున్న ఏర్పాటు ఇది. ప్రపంచమంతటా పేరు తెచ్చుకొని 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి ప్రదర్శనల్లో కూడా రాగి ప్రశ్నలే ఆమె తంబూరాను భీముడి గదగా మార్చే సందర్భాలు కల్పించేవి. పండ్వానీ పుట్టిల్లు బస్తర్‌కు ఉత్తరాన ఉన్న మైదానమే అయినా, హుంకారు తర్కం రెండు చోట్లా ఒకటే. కథ పొడవయ్యేకొద్దీ బదులును యాదృచ్ఛికంగా వదిలేయలేరు, దానికి ఒక మనిషిని నియమించాలి.

లచ్మీ జగార్

నిడివి గురించి బస్తర్ చెప్పగల పాఠమంతా లచ్మీ జగార్‌లో ఉంది. హల్బీలో పాడే ఈ గాథ ఐదు రోజుల నుంచి పదకొండు రోజుల దాకా నడుస్తుంది. తీజా జగార్, ఆఠే జగార్, బాలీ జగార్ దీని తోబుట్టువులు. పాడేవారు స్త్రీలు. వారిని గురుమాయి అంటారు. పెద్ద గాథలు పాడేది సాధారణంగా పురుషులేనన్న అభిప్రాయం బలంగా ఉన్న దేశంలో ఈ విషయాన్ని ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాలి: వేల పాదాల ఈ గాథను జ్ఞాపకంలో ఉంచుకొని, పాడి, శిష్యురాళ్లకు అప్పగించినవారు వరి పండించే పల్లెల స్త్రీలు.

వాద్యం పేరు ధన్‌కుల్. కుదురు మీద కుండ, కుండ మూతి మీద చేట, చేట మీద ఒక కొన ఆనేలా పొడవైన విల్లు. విల్లు బద్దకు వరసగా గాట్లు ఉంటాయి. గురుమాయి కుడిచేత్తో చీల్చిన వెదురుపుల్లను ఆ గాట్ల మీద రాస్తుంది, ఎడమచేత్తో నారిని లాగి వదులుతుంది. పుల్ల గరగరమంటుంది, కుండ లోపలి నుంచి బరువైన గుమ్ అనే నాదం లేస్తుంది. మూడూ వంటింట్లో, పొలంలో, అడవిలో రోజూ వాడే వస్తువులే. ముఖ్య గాయని పాట్ గురుమాయి ఒక పాదం ఎత్తుకుంటుంది, చేలీ గురుమాయి దాన్ని అందుకుంటుంది. పాదం రెండుసార్లు పలకడంతో పాట నిడివి పెరగడమే కాదు, తర్వాతి పాదం తలుచుకోవడానికి పెద్ద గురుమాయికి తీరిక దొరుకుతుంది, వెనక కూర్చున్నవారికి మాట స్పష్టపడుతుంది. పాడే ఇంటి గోడ మీద కథా ఘట్టాలను బొమ్మలుగా వేస్తారు. ఆలస్యంగా వచ్చినవారు గోడ చూసి కథ ఎక్కడికొచ్చిందో తెలుసుకోవచ్చు.

కథ వరిధాన్యపు కథ. మేఘరాజు ఇంట పుట్టిన మహాలక్ష్మి నారాయణుణ్ణి పెళ్లాడుతుంది. ఆయనకు అప్పటికే ఇరవై ఒక్కమంది రాణులు. సవతుల పోరు, అవమానం, లక్ష్మి దూరమైతే లోకానికి కలిగే కరువు అన్నీ ఇందులో ఉన్నాయి. పురాణాల్లో అందరూ ఎరిగిన దేవతలను తీసుకొని, వారిని తమ ఊరి కోడళ్లుగా, అత్తలుగా, తమ పొలంలో గింజగా మళ్లీ కల్పించుకున్నారు ఈ స్త్రీలు. తెలుగునాట ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్న ఆడవాళ్లు చేసినదీ ఇలాంటి పనే. ఎరిగిన పాత్రలకు ఎరగని బతుకు ఇచ్చారు.

ఇంత పొడవైన కథకు వినేవారు ఎలా బదులిస్తారు? మొదటి రోజుల్లో సభ పలచగా ఉంటుంది. ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు స్త్రీలు, చంటిపిల్లలు. వస్తూ పోతూ ఉంటారు. ఎవరూ మొత్తం వినరు, వినాలని ఎవరూ ఆశించరు. కొందరికి పూనకం వస్తుంది, అదీ ఒక బదులే. జనం నిండేది పెళ్లినాడు. లక్ష్మికి ఇష్టమైన గురువారం నాడు పొలానికి ఊరేగింపుగా వెళ్లి, పండిన వరి వెన్నులను పెళ్లికూతురిగా ఇంటికి తెస్తారు. వినేవారు ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ అవుతారు. పసుపు పూస్తారు, చదివింపులు చదివిస్తారు. అప్పటిదాకా శ్రోతలుగా ఉన్నవారు కథలో చుట్టాలైపోతారు. గురుమాయిలకు బియ్యం, చీర, డబ్బు ముట్టేది ముగింపు వేళే.

ఛేర్తాకూ లచ్మీ జగార్‌కూ తేడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఛేర్తాలో ఎందరో ఇస్తారు, తలా కొంచెం ఇస్తారు, అప్పటికప్పుడు ఇస్తారు. జగార్‌లో భారమంతా ఒక ఆతిథేయి కుటుంబం మీద పడుతుంది, ఊరు చేయి వేస్తుంది, ఫలం రోజుల తర్వాత అందుతుంది. పొడవైన కథ ఎక్కువ మందిని మెప్పిస్తుందన్న మాట నిజం కాదు. అది కొద్దిమందిని బాధ్యులను చేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమంటే, ఐదు రోజులా పదకొండు రోజులా అన్నది గురుమాయి ఒక్కతే నిర్ణయించేది కాదు. ఆ ఇంటి స్తోమత, గాదెలోని గింజలు, వంటకు దొరికే చేతులు దాన్ని నిర్ణయిస్తాయి. రాబోయే బదులు ఎంతో ముందే తెలుసు కాబట్టి కథ దానికి సరిపడా సాగుతుంది.

ఈ గాథ పుస్తకరూపం దాల్చడానికి కారకుడు కొండగావ్‌కు చెందిన జానపద పరిశోధకుడు హరిహర్ వైష్ణవ్ (1955–2021). గురుమాయి సుక్‌దయీ కోర్రామ్ పాడిన లచ్మీ జగార్‌ను ఆయన, మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి 2003లో ప్రచురించారు. వారే లేకపోతే బస్తర్ బయట చాలామందికి ఈ గాథ పేరైనా తెలిసేది కాదు. ఎంత శ్రద్ధతో చేసినా అచ్చులోకి ఎక్కేది గురుమాయి పాదాలు మాత్రమే. పసుపు పూసిన చేతులకు పుస్తకంలో చోటుండదు.

సరిహద్దుకు ఇవతల

గోదావరి దాటితే కోయల డోలి కనిపిస్తుంది. బస్తర్ దక్షిణాన ఉన్న దోర్లాలకు, భద్రాచలం ఏజెన్సీ కోయలకు బంధుత్వం, భాషా సంబంధం ఉన్నాయి. డోలి కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డను చూపుతూ, డోలు వాయిస్తూ ఆయా గోత్రాల పుట్టుకను, వీరుల కథను ఆ గోత్రంవారికే చెబుతారు. సమ్మక్క సారలమ్మల కథను పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. డోలి కథకు శ్రోత ఎవరో ముందే తెలుసు, కథ అతడి వంశానిదే. అందుకే వినేవాడు విసుగుపడడు, పేరు తప్పితే మాత్రం ఊరుకోడు. ఇక్కడ బదులు సవరణ రూపంలో వస్తుంది.

లచ్మీ జగార్‌కు తెలంగాణలో అతి దగ్గరి బంధువు ఒగ్గుకథ. కురుమల ఒగ్గు పూజారులు మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతూ రంగుల పొడులతో నేల మీద పట్నం వేసి, కథలోని పెళ్లిని అక్కడే జరిపిస్తారు. అక్కడ గోడ మీద బొమ్మలు, ఇక్కడ నేల మీద పట్నం. అక్కడ వరి వెన్ను పెళ్లికూతురు, ఇక్కడ మల్లన్న పెళ్లికొడుకు. పొడవైన కథ చివర పెళ్లి పెట్టడం ఇద్దరూ విడివిడిగా కనిపెట్టారో ఒకరి నుంచి ఒకరు నేర్చారో తేల్చడం కష్టం. ప్రయోజనం మాత్రం ఒకటే: దూరమైన శ్రోతలందరినీ చివరి రోజు తిరిగి రప్పించడం, వట్టి చేతులతో రానివ్వకపోవడం. చుక్క సత్తయ్య (1935–2017) ఒగ్గుకథను వేదికల మీదికి తెచ్చినప్పుడు కథ కుదించక తప్పలేదు. పట్నం, పెళ్లి తగ్గి చప్పట్లు పెరిగాయి. బుర్రకథలో వంతలు ఇద్దరూ చేసేది హుంకారు పనే. ఒకడు హాస్యంతో, ఇంకొకడు రాజకీయంతో కథకుడికి బదులిస్తూ జనం గొంతుగా నిలబడతాడు.

విదేశాల నుంచి రెండు ఆధారాలు

శ్రోతే నిడివిని పెంచుతాడనడానికి లెక్కతో సహా రుజువును మౌఖిక గాథల పరిశోధకులు మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ 1930లలో యుగోస్లావియాలో సేకరించారు. 1935లో అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుడు అంతకుముందు వినని పాటను పక్క గాయకుడి నోట విన్నాడు. అది 2,294 పాదాలు. వెంటనే దాన్నే తాను పాడితే 6,313 పాదాలైంది. శ్రద్ధగా వినేవారు ఎదుట ఉన్నారు, తొందర పెట్టేవారు లేరు. అదే ఏడాది అతడు పాడిన మరో గాథ పన్నెండు వేల పాదాలు దాటింది. కాఫీ దుకాణంలో లేచి వెళ్లిపోయే జనం ముందు అదే గాయకులు కథను ఎలా కుదించేవారో లార్డ్ 1960 నాటి ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’లో వివరించాడు.

రెండోది మనకు దగ్గరిది. దక్షిణ కన్నడ తుళు గాయకుడు గోపాల నాయక 1990 డిసెంబరులో జానపద పరిశోధకుడు లౌరీ హోంకో బృందానికి సిరి గాథను 15,683 పాదాల్లో వినిపించాడు. ఏటా జరిగే సిరి జాతరలో ఇంత నిడివికి చోటులేదు. అక్కడ స్త్రీల పూనకాలే కథను ముందుకు నడుపుతాయి, పాట వాటి వెంట వెళ్తుంది.

రేడియో, ఫోను, అభిమాన కథలు

జగదల్‌పూర్ ఆకాశవాణి హల్బీ, గోండి భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది. రేడియోలో నిడివిని గడియారం నిర్ణయిస్తుంది. బదులు రోజుల తర్వాత ఉత్తరంగా వస్తే వస్తుంది. 2010లో మొదలైన సీజీనెట్ స్వర సేవలో గోండు పల్లెలవారు మామూలు ఫోను నుంచే తమ మాటను, పాటను రికార్డు చేసి అందరికీ వినిపించగలిగారు. అక్కడ పనికొచ్చేది పొట్టి రూపమే. హుంకారు ఆ తీగ మీద ప్రయాణించలేదు.

అచ్చంగా కానుకగా కథ రాసి ఇచ్చే పద్ధతి నేడు అభిమాన కథల లోకంలో ఉంది. ఎరిగిన నవలల, సినిమాల పాత్రలతో కొత్త కథ అల్లి, ముందే జత కుదిర్చిన ఒక అపరిచితుడికి ఇస్తారు. వీటిలో ప్రసిద్ధమైన యూల్‌టైడ్ 2003లో మొదలైంది. కనీస నిడివి వెయ్యి పదాలు. కథలు డిసెంబరు 25న బయటపడతాయి, రచయితల పేర్లు జనవరి 1న. ఈ కథలకు నెలవైన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో పాఠకుడు మెచ్చుకోలు గుర్తును ఒక కథకు ఒక్కసారే ఇవ్వగలడు. వ్యాఖ్య మాత్రం ప్రతి అధ్యాయానికీ రాయవచ్చు. దీంతో వంద పదాల కథకూ లక్ష పదాల కథకూ గుర్తు ఒకటే. అధ్యాయాలుగా వచ్చే పొడవైన కథకు పాఠకుడు పదేపదే వస్తాడు కాబట్టి చూపుల లెక్క పెరుగుతుంది, గుర్తుల లెక్క పెరగదు. ఈ రెండింటి నిష్పత్తి చూసి పొడవైన కథను తక్కువ మెచ్చారనుకోవడం కొలిచే పద్ధతిలోని లోపం. కానుకల పండుగలో వందల కథలు ఒకేరోజు విడుదలైతే పొట్టి కథను త్వరగా చదువుతారు. పొడవైన కథకు బదులు ఆలస్యంగా, తక్కువమంది నుంచి, సుదీర్ఘమైన ఉత్తరంలా వస్తుంది. ఛేర్తా గింజలకూ జగార్ చదివింపులకూ మధ్య ఉన్న తేడాయే ఇదీ. బస్తర్‌తో తేడా మాత్రం ఒక్కచోట ఉంది. రాస్తున్నంతసేపూ ఆ రచయితకు ఎదుట హుంకారు వినిపించదు, నిడివిని ఒంటరిగానే తేల్చుకోవాలి. కథ పొడవైనందుకు స్పందన తగ్గిందని దిగులుపడే రచయితకు కరువైంది పాఠకుల మెప్పు కాదు, రాసేటప్పుడు పక్కన ఉండాల్సిన చేలీ గురుమాయి.

రికార్డింగుల విషయం

ఇప్పటిదాకా మౌఖిక గాథల సేకరణ ఎక్కువగా పాడినవారి గొంతు మీదే నిలిచింది. పాదాల సంఖ్య రాసుకుంటారు, ఎవరు ఎప్పుడు లేచి వెళ్లారో, ఏ ఘట్టంలో హుంకారు జోరందుకుందో, పెళ్లినాడు ఎవరు ఏం చదివించారో రాసుకోరు. నిడివికి కారణం ఆ వివరాల్లోనే ఉంది. బస్తర్‌కు, భద్రాచలం అడవులకు రికార్డరు పట్టుకొని వెళ్లే తెలుగు విద్యార్థులు రెండో మైకును సభవైపు తిప్పి పెట్టాలి. గురుమాయి మంచినీళ్లు తాగే విరామంలోనూ దాన్ని ఆపకూడదు.